13 గోల్స్ కొట్టి 12 గోల్స్ కొట్టిన జట్టు చేతిలో ఎలా ఓడిపోయాం? 2023 ఫైనల్ గురించి ఒక లయన్స్ అభిమాని సమాధానం

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను. మీరు బ్రిస్బేన్ వచ్చి ఆరు నెలలైంది. ఆఫీసులో అందరూ ఇక్కడి ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ జట్టు బ్రిస్బేన్ లయన్స్ అభిమానులే. జట్టు 2024లో, 2025లో వరసగా కప్పు గెలిచింది. అయినా 2023 ఫైనల్ మాట వస్తే వాళ్ళ మొహాలు మారిపోతున్నాయి. మీరు స్కోరు వెతికి చూస్తే లయన్స్ 13 గోల్స్, కాలింగ్‌వుడ్ 12 గోల్స్ అని కనిపించింది. ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ళు ఎలా ఓడారు? అంపైర్ వల్లే ఓడామంటున్నారు, నిజమేనా? నాలుగు పాయింట్ల ఓటమిని ఇన్నేళ్ళు మోయడం ఎందుకు? ఇవీ మీరడిగినవి.

సూటిగా చెప్తాను. మనం ఓడింది బిహైండ్‌ల దగ్గర, అంటే ఒక్కో పాయింటు మాత్రమే వచ్చే చిన్న స్కోర్ల దగ్గర. వాళ్ళకి 18 వచ్చాయి, మనకి 8 వచ్చాయి. అంపైర్ నిర్ణయం మీద నాకూ బాధ ఉంది, కానీ మ్యాచ్ పోయింది దానివల్ల కాదు. ఇక ఇన్నేళ్ళ బాధకి కారణం ఆ ఒక్క మ్యాచ్‌లో లేదు. అది 2019లో మొదలైంది. మూడో ప్రశ్నకి జవాబు కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను 2010లో చదువుకోడానికి ఇక్కడికి వచ్చాను. 2013 నుంచి లయన్స్ మెంబర్‌ని. మా అబ్బాయి ఆడే పిల్లల క్లబ్బులో ఆరేళ్ళుగా ఆదివారం పొద్దున్నే తెల్లకోటు వేసుకుని గోల్ అంపైర్‌గా నిలబడుతున్నాను. గోల్ అయితే రెండు జెండాలు, బిహైండ్ అయితే ఒక జెండా ఊపి, చేతిలోని కార్డు మీద రాసుకోవాలి. అందుకే స్కోరు లెక్క మీద నాకు పట్టింపు ఎక్కువ.

స్కోరు ఎలా చదవాలో ముందు చూడండి. ఆ రోజు బోర్డు మీద కాలింగ్‌వుడ్ 12.18 (90), బ్రిస్బేన్ 13.8 (86) అని ఉంది. చుక్కకి ముందున్నవి గోల్స్, తర్వాతవి బిహైండ్‌లు. గోల్‌కి 6 పాయింట్లు, బిహైండ్‌కి 1. మన క్రికెట్ భాషలో చెప్పాలంటే ఒక జట్టు 13 సిక్సర్లు, 8 సింగిల్స్ తీసింది. ఇంకో జట్టు 12 సిక్సర్లు, 18 సింగిల్స్ తీసింది. సిక్సర్లు ఎవరివి ఎక్కువని ఎవరూ అడగరు, పరుగులే లెక్క. 78కి 8 కలిపితే 86. 72కి 18 కలిపితే 90. అంతే.

మైదానం రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు ఉంటాయి. మధ్యలో ఉన్న రెండు పొడుగువి, వాటి మధ్యనుంచి బంతి వెళ్తే గోల్. అదీ తమ జట్టువాడి కాలితో తన్నిన బంతి ఎవరి చెయ్యీ తగలకుండా వెళ్ళాలి. మధ్యలో డిఫెండర్ వేలి కొస తగిలినా, పొడుగు స్తంభాన్ని రాసుకున్నా అది బిహైండే. పక్కనున్న పొట్టి స్తంభానికీ పొడుగు స్తంభానికీ మధ్యనుంచి వెళ్ళినా బిహైండే. ఒత్తిడిలో డిఫెండర్ తనే బంతిని గీత దాటించేసినా ఎదుటి జట్టుకి ఒక పాయింటు వస్తుంది. బిహైండ్ అయ్యాక బంతి డిఫెండ్ చేసే జట్టుదే, వాళ్ళు గోల్ ముందునుంచి మళ్ళీ తన్ని మొదలుపెడతారు. అంటే ఒక పాయింటు ఇచ్చి బంతి తీసుకున్నట్టు. అందుకే ఇక్కడివాళ్ళు కూడా బిహైండ్‌ని గురి తప్పిన కిక్‌గానే చూస్తారు, దాని విలువ పట్టించుకోరు. దగ్గరి మ్యాచ్‌లో చివరికి లెక్క తేల్చేది అదే.

ఇప్పుడు ఆ రోజుకి వస్తాను. 2023 సెప్టెంబర్ 30, శనివారం. మెల్బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో 1,00,024 మంది. మధ్యాహ్నం రెండున్నరకి మొదలు, ఇండియాలో పొద్దున పది. నాకు టికెట్ దొరకలేదు. మా స్నేహితుడి ఇంటి గరాజ్‌లో పెద్ద టీవీ పెట్టి ఐదు కుటుంబాలం కూర్చున్నాం. సగం మందికి ఆట తెలియదు, కానీ పిల్లలందరూ మెరూన్ జెర్సీలే.

ఆ సీజన్‌లో కాలింగ్‌వుడ్‌ని రెండుసార్లు ఓడించాం, అందుకని ధైర్యంగానే ఉన్నాం. పట్టికలో వాళ్ళు మొదటి స్థానం, మనం రెండో స్థానం. కానీ వాళ్ళకి ఒక అలవాటు ఉంది, దగ్గరి మ్యాచ్‌లో తొణకరు. వారం ముందే ప్రిలిమినరీ ఫైనల్‌లో, అంటే ఫైనల్‌కి ముందు మ్యాచ్‌లో, జీడబ్ల్యూఎస్ (గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ) మీద 58-57తో ఒక్క పాయింటుతో గెలిచి వచ్చారు. దానికి ముందు మెల్బోర్న్ జట్టు మీద 7 పాయింట్లతో గెలిచారు. చివరి ఐదు నిమిషాలు ఎలా ఆడాలో ఆ ఏడాది వాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మ్యాచ్ మొత్తం ఎవరికీ గట్టి ఆధిక్యం దొరకలేదు. కాలింగ్‌వుడ్ తరఫున బాబీ హిల్ నాలుగు గోల్స్ కొట్టాడు. ఒకసారి మన డిఫెండర్ భుజాల మీదికి ఎక్కి గాల్లో బంతి పట్టాడు. మా గరాజ్‌లో ఆట తెలియనివాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. అంతకు ముందు ఏడాదే క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకున్న కుర్రాడు. ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ అతనికే వచ్చింది. ఎదుటి జట్టువాడైనా దాన్ని నేను తప్పు పట్టలేను. మనవైపు కిడియన్ కోల్‌మన్ వెనకనుంచి బంతి తెచ్చిన తీరు, జాక్ బెయిలీ కొట్టిన గోల్స్ ఇప్పటికీ కళ్ళముందు ఉన్నాయి.

ఆఖరి క్వార్టర్‌లో చార్లీ కామెరాన్ గోల్‌తో మనం ముందుకి వెళ్ళాం. గరాజ్ షట్టర్ అదిరిపోయేలా అరిచాం. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. జోర్డన్ డి గోయీ దూరం నుంచి ఒకటి కొట్టాడు, తర్వాత స్టీల్ సైడ్‌బాటమ్ ఇంకా దూరం నుంచి మరొకటి. పది పాయింట్లు వెనకపడ్డాం. రెండు నిమిషాలు కూడా లేవనగా జో డానిహర్ గోల్ కొట్టాడు. తేడా నాలుగు. ఒక్క గోల్ చాలు. ఆ తర్వాత ఎవరికీ ఏ స్కోరూ రాలేదు, ఆట అయిపోయినట్టు సైరన్ మోగింది.

అంపైర్ సంగతి. మీ ఆఫీసువాళ్ళు చెప్పేది ఆ చివరి క్షణాల్లోదే. లాకీ నీల్‌కి ఫ్రీ కిక్ వచ్చింది. ఆ వారమే సోమవారం నాడు సీజన్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ అందుకున్న ఆటగాడు అతను, అలాంటి సమయంలో బంతి ఎవరి చేతిలో ఉండాలంటే అతని చేతిలోనే. కానీ బంతి బెయిలీకి దొరికింది, అతను ఆగకుండా ముందుకి ఆడాడు, అంపైర్ అడ్వాంటేజ్ ఇచ్చారు. ఆట కొనసాగింది, నీల్‌కి నిలబడి తన్నే అవకాశం పోయింది. నీల్ చేతికి బంతి ఇచ్చి ఉంటే ముందున్నవాళ్ళు సర్దుకునేవారు, డానిహర్ వైపు ఎత్తుగా ఒక కిక్ పడేది. ఏమో, గోల్ అయ్యేదేమో. ఇది నేనూ వందసార్లు అనుకున్నాను.

అయినా ఒక మాట. అడ్వాంటేజ్ అనేది ఫ్రీ కిక్ వచ్చిన జట్టు ఆట ఆపకుండా ముందుకి వెళ్తే ఇచ్చేది. బెయిలీ ఆగలేదు. ఆగి ఉంటే బంతి నీల్‌కే వెళ్ళేది. ఒక నిమిషం మిగిలి, లక్షమంది అరుస్తుంటే ఆగాలని ఎవరికి తోస్తుంది? బెయిలీని నేను తప్పు పట్టను, అంపైర్నీ పట్టను. ఈల వేసే మనిషికి ఆ అర క్షణం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పన్నెండేళ్ళ పిల్లల మ్యాచ్‌లోనే నా గుండె గొంతులోకి వస్తుంది.

నేను ఇంతగా చెప్పడానికి కారణం మళ్ళీ ఆ లెక్కే. వాళ్ళు 30 సార్లు స్కోరు చేశారు, మనం 21 సార్లు చేశాం. గోల్స్, బిహైండ్‌లు కలిపి ఇక్కడ స్కోరింగ్ షాట్స్ అంటారు. డిఫెండర్లు వదిలేసిన బిహైండ్‌లు కూడా ఇందులోనే ఉంటాయి కాబట్టి ముప్ఫయ్యీ కిక్కులే అనుకోకండి. ఏదేమైనా మన గోల్ ముందుకి వాళ్ళు అన్నిసార్లు వచ్చారని అర్థం. మనం 21లో 13 గోల్ చేశాం, నూటికి అరవై దాటింది. వాళ్ళు 30లో 12 చేశారు, నూటికి నలభై. వాళ్ళలాగే మనమూ తన్ని ఉంటే ఎనిమిది గోల్స్‌తో ఆగిపోయేవాళ్ళం. వాళ్ళు మనలా తన్ని ఉంటే చివరి నిమిషం గురించి మాట్లాడుకునే అవసరమే ఉండేది కాదు. ఆ రోజు మనల్ని నాలుగు పాయింట్ల దాకా తీసుకొచ్చింది మన కుర్రాళ్ళ గురి. ఓడించింది మాత్రం మధ్య మైదానం. అక్కడ బంతి వాళ్ళ చేతికి ఎక్కువగా వెళ్ళింది, మళ్ళీ మళ్ళీ మన గోల్ వైపే వచ్చింది.

ఈ సంగతి నాకు ఆ రాత్రి తెలియలేదు. ఆ రాత్రి నేనూ అంపైర్ పేరే చెప్పాను. మూడు వారాల తర్వాత, ఇంట్లో అందరూ పడుకున్నాక, మ్యాచ్ మొత్తం మళ్ళీ పెట్టి మా క్లబ్బు కార్డు మీద ప్రతి స్కోరూ రాసుకుంటూ చూశాను. మూడో క్వార్టర్ అయ్యేసరికి కార్డులో వాళ్ళ వైపు గీతలు నిండిపోతున్నాయి, మన వైపు ఖాళీగా ఉంది. అప్పుడు అర్థమైంది. బాధ తగ్గలేదు, కోపం మాత్రం పోయింది.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. ఎక్కువసార్లు స్కోరు చేసినవాళ్ళే ప్రతిసారీ గెలుస్తారని అనుకోకండి. 2008 ఫైనల్‌లో జీలాంగ్ 11.23 కొట్టి 89 దగ్గర ఆగింది. హాథార్న్ 18.7తో 115 చేసి గెలిచింది. 34 సార్లు స్కోరు చేసినవాళ్ళు 25 సార్లు చేసినవాళ్ళ చేతిలో ఓడారు. 2012లో అదే హాథార్న్ 11.15 కొట్టి సిడ్నీ 14.7 ముందు పది పాయింట్లతో ఓడింది. 1948లో ఎసెన్డన్ 7.27, మెల్బోర్న్ 10.9, రెండూ 69 దగ్గర సమానమయ్యాయి. 27 బిహైండ్‌లు! అందులో ఇంకొక్కటి వచ్చి ఉంటే ఆ రోజే కప్పు. గురి, అవకాశాలు రెండూ లెక్కలోకి వస్తాయి. 2023లో మన గురి బాగుంది, అవకాశాలు చాలలేదు. జీలాంగ్‌కి 2008లో దీనికి తిరగేసి జరిగింది. ఏ ఓటమి ఏ రకమో తెలుసుకోకుండా అంపైర్ని తిట్టుకుంటే మన జట్టు ఆట మనకే అర్థం కాదు.

ఇంతకీ మీ మూడో ప్రశ్న, ఈ బాధ. ఇది లయన్స్ చరిత్ర తెలిస్తేనే అర్థమవుతుంది.

2017లో మనం పట్టికలో అట్టడుగున ఉన్నాం. ఆ ఏడాదే క్రిస్ ఫేగన్ కోచ్‌గా వచ్చారు. టాస్మేనియా మనిషి, ఏఎఫ్‌ఎల్‌లో, అంటే ఈ ఆట పెద్ద లీగ్‌లో, ఒక్క మ్యాచ్ కూడా ఆడని కోచ్. రెండేళ్ళలో జట్టుని రెండో స్థానానికి తెచ్చారు. 2019 సెమీఫైనల్, మన సొంత గ్రౌండ్ గబ్బాలో మనవాళ్ళ ముందే, జీడబ్ల్యూఎస్ చేతిలో 83-80. మూడు పాయింట్లు. 2021 సెమీఫైనల్, మళ్ళీ గబ్బాలోనే, వెస్టర్న్ బుల్‌డాగ్స్ చేతిలో 79-78. ఇద్దరివీ 11 గోల్సే, వాళ్ళవి 13 బిహైండ్‌లు, మనవి 12. ఒకే ఒక్క బిహైండ్. ఆ రాత్రి నేను గ్రౌండ్‌లో ఉన్నాను. సైరన్ మోగాక ఎవరూ లేవలేదు. నా ముందు వరసలో ఒక తాతగారు మెడలోని మఫ్లర్ తీసి మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెడుతూ ఉండిపోయారు. తర్వాత 2023, నాలుగు పాయింట్లు. మూడు ఫైనల్స్ మ్యాచ్‌లు (సీజన్ చివర్లో కప్పు కోసం ఆడే మ్యాచ్‌లన్నిటినీ ఇక్కడ ఫైనల్స్ అంటారు), మొత్తం కలిపి ఎనిమిది పాయింట్లు. ఒక గోల్, రెండు బిహైండ్‌లు. మీ ఆఫీసువాళ్ళు 2023 అన్నప్పుడు వాళ్ళ మనసులో ఈ మూడూ ఉంటాయి.

గబ్బా పేరు మన తెలుగువాళ్ళకి ఇంకో రకంగా తెలుసు. 2021 జనవరిలో మన హైదరాబాద్ సిరాజ్ అక్కడే రెండో ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు, ఇండియా 328 పరుగుల లక్ష్యాన్ని ఛేదించి గెలిచింది. నేను అరిచి గొంతు పోగొట్టుకున్న గ్రౌండ్ అది. అదే ఏడాది సెప్టెంబర్‌లో అదే గ్రౌండ్‌లో ఒక్క బిహైండ్‌తో ఓడాం.

క్రికెట్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. 2023 సెప్టెంబర్ 30న లయన్స్ ఓడారు. సరిగ్గా యాభై రోజులకి, నవంబర్ 19న అహ్మదాబాద్‌లో వరల్డ్ కప్ ఫైనల్‌లో ఇండియా ఓడింది. రెండూ నా జట్లే. చాలామంది రెండోదే పెద్ద దెబ్బ అనుకుంటారు. నిజానికి అహ్మదాబాద్‌లో హెడ్, లబుషేన్ నిలబడ్డాక మనకి గంటకి పైగా సమయం దొరికింది. ఓడిపోతున్నామని మెల్లగా ఒప్పుకున్నాం, ఏడ్చేవాళ్ళు అప్పుడే ఏడ్చేశారు. నాలుగు పాయింట్ల ఓటమిలో ఆ సమయం ఉండదు. డానిహర్ గోల్ కొట్టినప్పుడు మేము లేచి గెంతుతున్నాం. ఆ గెంతులోనే సైరన్ వినబడింది. మనసు ఇంకా గెలుపు వైపు పరిగెడుతుంటే ఆట అయిపోతుంది. అందుకే నెలల తర్వాత కూడా అది ఆ చోటికే వెళ్ళి "ఇంకొక్క కిక్" అనుకుంటూ ఉంటుంది. చిన్న తేడాతో వచ్చే ఓటమి పెద్ద ఓటమి కన్నా ఎక్కువ కాలం నొప్పెడుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

పాత అభిమానులకి ఇంకో ముల్లు ఉంది. 2001, 2002, 2003లో లయన్స్ వరసగా మూడు కప్పులు గెలిచారు. అందులో 2002, 2003 ఫైనల్స్ కాలింగ్‌వుడ్ మీదే. 2002లో అయితే తొమ్మిది పాయింట్ల తేడా, ఆ రోజు గుండె పగిలింది కాలింగ్‌వుడ్ వాళ్ళకి. ఆ మూడు కప్పుల జట్టులోనూ ఉన్న క్రెయిగ్ మెక్‌రే 2023లో కాలింగ్‌వుడ్ కోచ్. మన ఇంట్లో పెరిగినవాడే ఎదుటి వరసలో నిలబడి గెలిచాడు. కాలింగ్‌వుడ్‌కి అది పదహారో కప్పు. మా పక్కవీధిలో ఒక ఇల్లాలు మెక్‌రే పాత ఫొటో ఇంకా ఫ్రిజ్ మీదే ఉంచుకుంది, తియ్యలేదు. నాకు ఆవిడంటే గౌరవం.

మా పక్కింటి పెద్దాయన గురించి కూడా చెప్పాలి. ఆయన మెల్బోర్న్‌లో పుట్టి ఫిట్జ్‌రాయ్ అభిమానిగా పెరిగారు. ఫిట్జ్‌రాయ్ చివరి కప్పు 1944లో వచ్చింది. 1996లో డబ్బుల్లేక ఆ క్లబ్బు బ్రిస్బేన్ బేర్స్‌లో కలిసిపోయి, మన లయన్స్ అయింది. ఫైనల్ మర్నాడు ఆదివారం పొద్దున నేను చెత్తబుట్ట బయట పెడుతుంటే ఆయన కంచె దగ్గరికి వచ్చారు. నా మొహం చూసి, "బాబూ, నేను మ్యాచ్‌లు ఓడాను, తర్వాత జట్టునే పోగొట్టుకున్నాను. నీకు మార్చిలో మళ్ళీ మ్యాచ్ ఉంది" అన్నారు. ఆ మాటకి నేను ఏమీ అనలేకపోయాను. లోపలికి వెళ్ళి కాఫీ కలిపి ఇద్దరికీ తెచ్చాను.

ఇక "రెండు కప్పులు గెలిచారు కదా" అన్నారు. నిజమే, 2024 తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. మొదటి మ్యాచే కార్ల్‌టన్ చేతిలో ఒక్క పాయింటుతో ఓడి, మొదటి మూడూ పోగొట్టుకుని, ఐదో స్థానంలో ఫైనల్స్‌కి వచ్చారు. సెమీఫైనల్‌లో జీడబ్ల్యూఎస్ మీద 44 పాయింట్లు వెనకపడి ఐదు పాయింట్లతో గెలిచారు. ప్రిలిమినరీలో జీలాంగ్ మీద పది పాయింట్లు. ఫైనల్‌లో సిడ్నీ మీద 120-60. దగ్గరి మ్యాచ్‌లు గెలవడం ఈ జట్టు నేర్చుకుంది, నా ఉద్దేశంలో అది 2023 చివరి రెండు నిమిషాల్లోనే నేర్చుకుంది.

కానీ ఒక కప్పు ఇంకో కప్పుకి బదులు కాదు. 2023 జట్టులో ఉన్నవాళ్ళందరికీ 2024 దొరకలేదు. కోల్‌మన్‌నే చూడండి. ఓడిన ఫైనల్‌లో మనవైపు అందరికన్నా బాగా ఆడాడు. 2024 మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయింది, కప్పు రోజు బయట కూర్చున్నాడు. 2009 నుంచి అట్టడుగు రోజులన్నీ మోసిన డేనియల్ రిచ్ 2023తో ఆట వదిలేశాడు, కప్పు లేకుండానే. ఇంకోవైపు విల్ ఆష్‌క్రాఫ్ట్ 2023లో మోకాలి గాయంతో ఫైనల్ ఆడలేదు, 2024లో, 2025లో రెండుసార్లూ నార్మ్ స్మిత్ మెడల్ తెచ్చుకున్నాడు. డేన్ జోర్కో ముప్ఫై అయిదో ఏట 2024 కప్పు ఎత్తినప్పుడు మా గరాజ్‌లో పెద్దవాళ్ళం ఏడ్చాం. రిచ్ గుర్తొచ్చి మరీ ఏడ్చాం. మీ సహోద్యోగులు 2023 అన్నప్పుడు ఆట పిచ్చి అనుకోకండి, వాళ్ళకి గుర్తొచ్చేది కొందరు మనుషులు.

ఆ ఓటమి తర్వాత నన్ను మళ్ళీ నిలబెట్టింది మన మహిళల జట్టు. 2023 డిసెంబర్ 3న, అంటే రెండు నెలలు తిరిగాక, ఏఎఫ్‌ఎల్ మహిళల ఫైనల్‌లో నార్త్ మెల్బోర్న్ మీద 44-27తో గెలిచి కప్పు తెచ్చారు. పురుషుల ఆట మాత్రమే చూసేవాళ్ళు ఆ మ్యాచ్ తప్పకుండా చూడాలి.

మీకు పనికొచ్చే మాటలు కొన్ని. దగ్గరి ఓటమి తర్వాత సోమవారం ఆఫీసులో "పోనీలే, ఆటే కదా" అనకండి. "రెండో స్థానమూ గొప్పే" అని అసలు అనకండి. "నువ్వెక్కడ చూశావు?" అని అడగండి చాలు, మిగతాది వాళ్ళే చెప్పుకుంటారు. అంపైర్ గురించి మొదటి వారం వాదించకండి, నేను పైన రాసిన లెక్క కూడా చెప్పకండి, అది తర్వాత. మ్యాచ్ చూసేటప్పుడు చివరి గోల్ ఎవరిదో కాకుండా, ప్రతి క్వార్టర్‌లో ఎవరు ఎన్నిసార్లు స్కోరు చేశారో ఒక కాగితం మీద గీతలు గీసుకోండి. రెండు మూడు మ్యాచ్‌లకే ఆట కళ్ళకి కడుతుంది.

ఆ గీతల విలువ నాకు తెలిసింది పిల్లల మ్యాచ్‌లోనే. రెండు సీజన్ల క్రితం మా పన్నెండేళ్ళలోపు జట్టు రెండు పాయింట్లు వెనక ఉంది. ఆఖరి నిమిషంలో మా అబ్బాయి స్నేహితుడికి ఇరవై మీటర్ల దూరంలో మార్క్ దొరికింది, అంటే బంతిని గాల్లోనే పట్టి, నిలబడి తన్నే అవకాశం. వాడు తన్నిన బంతి నేరుగా నా వైపు వచ్చి పొడుగు స్తంభానికి తగిలింది. ఆ చప్పుడు నాకు ఇంకా వినిపిస్తుంది. వాడు నన్నే చూస్తున్నాడు. నేను ఒక్క జెండానే ఊపాలి, ఊపాను. ఒక్క పాయింటుతో ఓడాం. వాడు అక్కడే గడ్డిలో కూర్చుండిపోయాడు. ఆట అయ్యాక నేను కార్డు తీసుకెళ్ళి వాడి పక్కన కూర్చుని మొదటి క్వార్టర్ చూపించాను. మేము ఐదుసార్లు గోల్ ముందుకి వెళ్ళి ఐదు బిహైండ్‌లు కొట్టాం, ఐదుగురు వేరు వేరు పిల్లలు. వాడు వేలితో ఒక్కొక్క గీత లెక్కపెట్టి, "మొదటిది నాది కాదు కదా అంకుల్" అన్నాడు. కాదన్నాను. లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళాడు.

మీరు స్ప్రింగ్‌ఫీల్డ్ వైపు ఉంటే లయన్స్ ప్రాక్టీస్ గ్రౌండ్ అక్కడే, ఒకసారి వెళ్ళి రండి. సీజన్‌లో ఆదివారం ఖాళీ ఉంటే మా పిల్లల మ్యాచ్‌కి రండి. రెండో చివర గోల్ అంపైర్‌గా నిలబడేవాళ్ళు మాకు ఎప్పుడూ తక్కువే. కోటు, జెండాలు, కార్డు నేను తెస్తాను.